కొలిమి నోట్లో బొగ్గుపొడి

మా చిన్నతనంలో ఇంట్లో కుంపటి వుండేది. బొగ్గుల బస్తా దింపగానే మా అమ్మ చేసే మొదటి పని వాటిని జల్లించడం. గడ్డలు కుంపట్లోకి వెళ్ళేవి. అడుగున మిగిలిన పొడిని పేడతో కలిపి ఉండలు చేసి గోడవార ఎండబెట్టేది. పొడిని పొడిగానే కుంపట్లో పోస్తే ఏమవుతుందో నాకు ఒకసారి తెలిసివచ్చింది. వున్న నిప్పు కాస్తా ఆరిపోయింది. ఇల్లంతా పొగ కమ్మింది. నా వీపు మీద రెండు దెబ్బలు పడ్డాయి.

చాలా ఏళ్ళ తరువాత, లోహశాస్త్రం చదువుకుంటున్న రోజుల్లో, మా లెక్చరరుగారు ఒక మధ్యాహ్నం క్లాసులో "జపానులో ఇప్పుడు బ్లాస్టు ఫర్నేసులోకి బొగ్గును పిండి చేసి ఊదుతున్నారోయ్" అన్నారు. నా చెయ్యి దానంతట అదే వీపు మీదికి పోయింది. గుప్పెడు పొడి కుంపటిని ఆర్పేస్తే, రోజుకు వందల టన్నుల పొడి తాగి ఆ మహా కొలిమి ఎలా బతుకుతుంది? అప్పుడు అడగడానికి మొహమాటపడ్డాను. ఉద్యోగంలో చేరాక ఆ ప్రశ్నకు జవాబు కొంత పుస్తకాల్లోనూ, ఎక్కువ భాగం కొలిమి దగ్గరా దొరికింది. ఆ జవాబే ఈ వ్యాసం.

కోక్ ఒక్కటే, పనులు నాలుగు

ముందుగా బ్లాస్టు ఫర్నేసు సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. పైనుంచి ఇనుప ఖనిజం, కోక్ పొరలు పొరలుగా పడుతుంటాయి. ఖనిజంలోని మట్టిని కరిగించడానికి కావలసిన సున్నపురాయిని ఖనిజంతో విడిగా గానీ, ముందే సింటరులో కలిపి గానీ వేస్తారు. కిందనుంచి, చుట్టూ అమర్చిన రాగి గొట్టాల ద్వారా, 1000 నుంచి 1250 డిగ్రీల సెంటిగ్రేడు దాకా వేడెక్కిన గాలిని ఊదుతారు. ఈ గొట్టాలనే ట్వీయర్లు అంటారు. పెద్ద కొలిమికి 30కి అటూ ఇటూగా వుంటాయి. సరుకు దిగుతూ వుంటుంది, వాయువు ఎక్కుతూ వుంటుంది. రెండూ ఎదురెదురుగా ప్రయాణం చేస్తూ వేడినీ, ఆక్సిజన్‌నూ ఇచ్చిపుచ్చుకుంటాయి. అడుగున ద్రవ ఇనుమూ, దాని మీద తేలుతూ లోహమలమూ చేరతాయి.

ఇందులో కోక్ చేసే పని ఏమిటని పరీక్షలో అడిగితే చాలామంది "ఇంధనం" అని ఒక్క మాట రాసి వూరుకుంటారు. నిజానికి దాని పనులు నాలుగు. ట్వీయర్ల ముందు మండి వేడి ఇవ్వడం మొదటిది. కార్బన్ మోనాక్సైడు వాయువుగా మారి ఖనిజంలోని ఆక్సిజన్‌ను ఊడదీయడం, అంటే క్షయకరణం, రెండోది. ఇనుములో 4 శాతం పైచిలుకు కార్బన్‌గా కరిగి దాని ద్రవీభవన ఉష్ణోగ్రతను తగ్గించడం మూడోది. ఇక నాలుగోదాన్ని విద్యార్థులు సాధారణంగా మరిచిపోతారు. అది బరువు మొయ్యడం. కొలిమి కింది భాగంలో ఖనిజం మెత్తబడుతుంది, కరుగుతుంది, కారుతుంది. అక్కడ ఘనపదార్థంగా గట్టిగా నిలబడేది కోక్ ఒక్కటే. పైనున్న సరుకు బరువునంతా అదే మోస్తుంది. గడ్డకీ గడ్డకీ మధ్యనున్న సందుల్లోంచే వాయువు పైకి పోవాలి, ఇనుమూ లోహమలమూ కిందికి కారాలి.

ఉమ్మడి కుటుంబంలో పెద్దకొడుకు వుంటాడు చూడండి, సంపాదన అతనిదే, వ్యవహారం అతనిదే, ఇల్లు నిలబడ్డదీ అతని మీదే. కోక్ స్థితి అలాంటిది. సంపాదనలో తమ్ముళ్ళు చెయ్యి వెయ్యొచ్చు. ఇల్లు నిలబెట్టే పనిని పంచుకోవడం మాత్రం అంత తేలిక కాదు. బొగ్గుపొడి కథంతా ఈ తేడాలోనే వుంది.

కోక్ ఎందుకు అంత ఖరీదు?

1709లో ఇంగ్లండులోని కోల్‌బ్రూక్‌డేల్‌లో ఏబ్రహాం డార్బీ కోక్‌తో ఇనుము తీసినప్పటినుంచీ ఉక్కు పరిశ్రమకు కోక్ ఆధారమయింది. అయితే ప్రతి నేలబొగ్గూ కోక్ కాదు. గాలి తగలకుండా 1000 డిగ్రీల పైన గంటల తరబడి కాల్చినప్పుడు మెత్తబడి, ఉబ్బి, మళ్ళీ గట్టి ముద్దగా అతుక్కునే గుణం కొన్ని బొగ్గులకే వుంది. వాటినే కోకింగ్ బొగ్గు అంటారు. ప్రపంచంలోనే ఇది తక్కువ. మన దేశంలో ఝరియా ప్రాంతంలో వుంది గానీ అందులో బూడిద ఎక్కువ. అందుచేత మన ఉక్కు కర్మాగారాలు కావలసిన కోకింగ్ బొగ్గులో అధిక భాగాన్ని విదేశాలనుంచి తెచ్చుకుంటున్నాయి. విశాఖ ఉక్కు కర్మాగారానికి ఆస్ట్రేలియానుంచి ఓడల్లో రావడం మనకు తెలిసిందే. సింగరేణిలో వున్న బొగ్గు కోకింగ్ బొగ్గు కాదు.

దీనికితోడు కోక్ ఓవెన్లు కట్టాలంటే బోలెడంత పెట్టుబడి. వాటినుంచి వచ్చే పొగ, తారు, అమ్మోనియా అదొక తలనొప్పి. కాబట్టి, కోక్ చేసే నాలుగు పనుల్లో మొదటి రెండింటినైనా, అంటే వేడినీ వాయువునూ, చవకరకం బొగ్గుతో చేయించలేమా అన్న ఆలోచన ఇంజనీర్లకు వచ్చింది.

ఆలోచన పాతదే గానీ అవసరం మాత్రం ఆలస్యంగా వచ్చింది. 1960ల్లో అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని ఆష్‌లాండ్‌లో ఆర్మ్‌కో సంస్థా, చైనాలో బీజింగ్ దగ్గరి షౌగాంగ్ కర్మాగారమూ బొగ్గుపొడిని ఊది చూశాయి. మిగతా ప్రపంచానికి అప్పట్లో కొలిమినూనె చవక. దాన్నే ట్వీయర్ల ద్వారా చిమ్మేవారు. 1973లో ఒకసారి, 1979లో మరోసారి చమురు ధర ఆకాశానికి ఎక్కేసరికి ఆ వైభవం ముగిసింది. జపాను కొలిములు నూనె మానేసి మళ్ళీ కోక్ మీద పడ్డాయి. 1981లో నిప్పన్ స్టీల్ వారి ఓయిటా కర్మాగారంలో బొగ్గుపొడి మొదలయింది. మా లెక్చరరుగారు చెప్పింది ఆ రోజుల మాటే. మన దేశంలో 1990ల మొదట్లో జంషెడ్‌పూర్‌లో మొదలయింది. విశాఖలో గోదావరి, కృష్ణ అనే మొదటి రెండు కొలిముల తరువాత కట్టిన మూడోది, అన్నపూర్ణ, వచ్చిన విస్తరణతో ఈ పద్ధతి అక్కడికీ చేరింది.

పొడి ఎలా మండుతుంది?

ఇప్పుడు మా అమ్మ కుంపటి దగ్గరికి వద్దాం. పొడి మంటను ఎందుకు ఆర్పింది? గడ్డల మధ్య సందుల్ని పూడ్చేసి గాలిని ఆపింది కాబట్టి. అదే పొడిని కుప్పగా కాకుండా, రేణువు రేణువుగా విడదీసి, ప్రతి రేణువు చుట్టూ గాలి వుండేట్టు ఊదితే? గడ్డకంటే పొడికే గాలి తగిలే ఉపరితలం ఎక్కువ. కాబట్టి అది గడ్డకంటే వేగంగా మండుతుంది. పొడిలో దోషం లేదు, పోసే తీరులోనే వుందన్నమాట. బ్లాస్టు ఫర్నేసులో కూడా పొడిని పైనుంచి పోస్తే కుంపటి గతే పడుతుంది. అందుకే కింద, గాలి వచ్చే దారిలోనే కలుపుతారు.

ముందు బొగ్గును మిల్లులో వేసి, వేడి వాయువు పంపుతూ, ఒకేసారి ఎండబెడుతూ నూరుతారు. తేమ 1 శాతం చాయకు దిగాలి. పొడిలో 70, 80 శాతం దాకా 75 మైక్రానులకంటే సన్నగా వుండాలి. అంటే మన ఇంట్లో పిండి జల్లెడలోంచి జారిపోయేంత సన్నం. ఇలాంటి పొడి గాలిలో లేచి నిప్పురవ్వ తగిలితే పేలుడే. అందుచేత మిల్లులో ఆక్సిజన్‌ను 10, 12 శాతానికి మించనివ్వరు. నిలవచేసే తొట్లలో నైట్రోజన్ నింపుతారు. ఆ నైట్రోజన్ ఒత్తిడితోనే పొడి నీళ్ళలాగా గొట్టాల్లో పారి, సమానంగా పంపకమయి, ఒక్కొక్క ట్వీయరుకూ అమర్చిన సన్నని లాన్సు గొట్టంలోంచి వేడిగాలి మధ్యలోకి చిమ్ముకుంటుంది.

ఇక అక్కడినుంచి అంతా రెప్పపాటులో జరుగుతుంది. నిజానికి రెప్పపాటు చాలా ఎక్కువ. గాలి వేగం సెకనుకు 200 మీటర్ల ప్రాంతం. ఆ వేగానికి ట్వీయరు ముందున్న కోక్ గడ్డలు చిందులు తొక్కుతూ మీటరు, మీటరున్నర లోతున ఒక బొరియ ఏర్పడుతుంది. దీన్ని రేస్‌వే అంటారు. లాన్సు కొసనుంచి బొరియ చివరిదాకా సుమారు 2 మీటర్లనుకుంటే, రేణువుకు దొరికే కాలం సెకనులో నూరో వంతు. రామగుండంలో విద్యుత్ కేంద్రం కూడా సింగరేణి బొగ్గును పిండి చేసే మండిస్తుంది. కాని బాయిలరులో రేణువుకు సెకనో, రెండు సెకన్లో వ్యవధి వుంటుంది. ఇక్కడ ఆ సెకనులో నూరో వంతులోనే అది వేడెక్కాలి, లోపలి వాయువుల్ని వదలాలి, ఆ వాయువులు మండాలి, మిగిలిన కార్బన్ ముక్క కూడా మండాలి.

పూర్తిగా మండుతుందా? మండదు. ఊదే మోతాదు పెరిగేకొద్దీ మండని భాగం పెరుగుతుంది. అందులో చాలావరకు పైకిపోతూ కార్బన్ డయాక్సైడుతో కలిసి కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది కాబట్టి వ్యర్థం కాదు. అదీ మించితే మాత్రం కోక్ సందుల్లో చేరి పూడ్చడం మొదలుపెడుతుంది. అంటే మళ్ళీ మా కుంపటి కథే.

ఒక రాత్రి షిఫ్టు

పుస్తకం చదివి అంతా తెలిసిందనుకుని నేను పడ్డ తప్పొకటి ఇక్కడ చెప్పాలి. కర్మాగారం పేరు అనవసరం. అప్పటికి నేను కొత్త షిఫ్టు ఇంజనీరును. ఒక రాత్రి పన్నెండు దాటాక తీసిన ఇనుములో సిలికాన్ 0.3 శాతానికి పడింది. వుండవలసింది అర శాతం దగ్గర. ద్రవ ఇనుము వేడి కూడా 1450 డిగ్రీలకు దిగింది. కొలిమి చల్లబడుతోందన్నమాట. చల్లబడ్డ కొలిమంటే ఆ పనిలో వున్నవాడికి ప్రాణం పోయినంత పని. ఇనుము లోపలే గడ్డకడితే తిరిగి దారికి తేవడానికి రోజులు పడుతుంది.

చల్లబడితే ఏంచేస్తాం? ఇంధనం పెంచుతాం. టన్ను ఇనుముకు 10 కిలోల చొప్పున బొగ్గుపొడి పెంచాను. గంట చూశాను. వేడి పెరగకపోగా మరికొంచెం తగ్గింది. భయం వేసి మరో 15 కిలోలు పెంచాను. తెల్లవారుజామున సిలికాన్ 1 శాతం దాటిపోయింది. కొలిమి మితిమీరి వేడెక్కింది, సరుకు దిగకుండా పైన వేళ్ళాడటం మొదలుపెట్టింది. ఆ ఇనుము చూసి ఉక్కు విభాగంవాళ్ళు ఫోన్లో నన్ను దుమ్మెత్తిపోశారు. పొద్దున్న షిఫ్టుకు వచ్చిన పెద్ద ఫోర్‌మన్ రాత్రి కాగితాలు చూసి, నవ్వకుండా, "మీరు రాత్రి వేసిన బొగ్గు ఇప్పుడు పనిచేస్తోంది బాబూ" అన్నారు.

ఆయన మాట అక్షరాలా నిజం. కోక్ గడ్డ ట్వీయరు దగ్గరికి చేరేసరికే 1400 డిగ్రీలు దాటి వేడెక్కి వుంటుంది. బొగ్గుపొడి చల్లగా వస్తుంది. పైగా దానిలోని వాయువులు విడివడటానికి వేడిని మింగుతాయి. కాబట్టి పొడి పెంచిన క్షణంలో మంట ఉష్ణోగ్రత తగ్గుతుంది. లాభం ఎక్కడ? ఆ పొడినుంచి పుట్టిన కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ పైకి పోయి ఖనిజాన్ని బాగా క్షయకరిస్తాయి. వున్న ఆక్సిజన్‌లో కొంత పొడికి పోతుంది కాబట్టి ట్వీయర్ల దగ్గర కోక్ తక్కువ మండుతుంది, సరుకు నిదానంగా దిగుతుంది. అలా బాగా తయారై వేడెక్కిన సరుకు అడుక్కి చేరేసరికి మూడు నాలుగు గంటలు. ఆ తరువాతే కొలిమి వేడెక్కుతుంది. నాకు వెంటనే వేడి కావాలంటే గాలి ఉష్ణోగ్రత పెంచాలి, లేదా గాలిలో కలిపే ఆవిరిని తగ్గించాలి. నేను మందు ఇచ్చి, గుణం కనిపించకముందే రెండో మోతాదు కూడా ఇచ్చేశాను.

ఈ కారణంవల్లే పొడి ఎక్కువగా ఊదే కొలిమిలో గాలికి అదనంగా ఆక్సిజన్ కలుపుతారు. మంట ఉష్ణోగ్రత 2000 డిగ్రీలకు దిగువకు పోకుండా అది కాపాడుతుంది, రేణువు త్వరగా మండటానికీ సాయపడుతుంది. బొగ్గూ, ఆక్సిజనూ, గాలి వేడీ మూడూ కలిపి నడపాలే గాని, ఒక్క మీట తిప్పితే సరిపోదు.

లెక్క, దాని హద్దు

రోజుకు 7,000 టన్నుల ఇనుము తీసే కొలిమి వుందనుకుందాం. టన్నుకు 150 కిలోల పొడి చొప్పున ఊదితే రోజుకు 1,050 టన్నుల బొగ్గు. కిలో పొడి 0.8 నుంచి 0.9 కిలోల కోక్‌ను తప్పిస్తుంది. 0.85 వేసుకుంటే సుమారు 890 టన్నుల కోక్ మిగులు. టన్ను కోక్‌కు 1.35 టన్నుల కోకింగ్ బొగ్గు చొప్పున, 1,200 టన్నుల దిగుమతి సరుకు ప్రతిరోజూ తప్పిందన్నమాట. దేశానికి విదేశీ మారకం మిగలడమంటే ఇదే.

మరి 150తో ఎందుకు ఆగాలి? ఆగనివాళ్ళూ వున్నారు. 1998లో జపానులోని ఫుకుయామా 3వ నంబరు కొలిమి టన్నుకు 266 కిలోల దాకా పోయింది. పొడి లేకుండా నడిపితే 500 కిలోల ప్రాంతంలో వుండే కోక్‌లో సగానికి కాస్త తక్కువ తప్పిందని దీని అర్థం. కాని అలాంటి అంకెల్ని అందుకున్నవాళ్ళు కొద్దిమందే, రోజూ నిలబెట్టుకోవడం ఇంకా కష్టం. కారణం నాలుగో పనిలో వుంది. పొడి వేడినిస్తుంది, వాయువునిస్తుంది, బరువు మాత్రం మొయ్యదు. కోక్ తగ్గేకొద్దీ మిగిలిన కోక్ మీద బరువు పెరుగుతుంది. సరుకు నిదానంగా దిగుతుంది కాబట్టి అదే గడ్డ కొలిమిలో ఎక్కువసేపు వుంటుంది, వాయువుల తాకిడికి ఎక్కువ అరుగుతుంది. కోక్ పొరలు పలచబడి వాయువు దారులు ఇరుకవుతాయి. అందుచేత పొడి ఎక్కువ ఊదాలనుకునేవాడు ముందు తన కోక్ నాణ్యం పెంచుకోవాలి. చవక బొగ్గును వాడుకోవాలంటే మంచి బొగ్గుతో చేసిన కోక్ కావాలి. వినడానికి విడ్డూరంగా వున్నా ఇదే నిజం.

ఇక్కడ మన విద్యార్థులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. ఎలాగూ కోకింగ్ గుణం అక్కర్లేదు కదా, సింగరేణి బొగ్గునే నూరి ఊదరాదా అని. లెక్క వేసి చూద్దాం. 150 కిలోల పొడిలో 10 శాతం బూడిద వుంటే అది 15 కిలోలు. 35 శాతం వుంటే 52 కిలోలు దాటుతుంది. ఆ బూడిద ఎక్కువగా సిలికా, అల్యూమినా. దాన్ని కరిగించడానికి ఇంచుమించు అంత సున్నం కావాలి, అంటే టన్ను ఇనుముకు నూరు కిలోల లోహమలం కొత్తగా చేరుతుంది. దాన్ని కరిగించడానికి మళ్ళీ కోక్. తప్పించిన దాంట్లో చాలా భాగం తిరిగి ఖర్చయిపోతుంది. కాబట్టి పొడికి కోకింగ్ గుణం అక్కర్లేకపోయినా, బూడిద మాత్రం 10, 12 శాతం దాటకపోతేనే మేలు. మన బొగ్గును చవకగా కడిగి అంతకు దించగలిగిన రోజున ఈ జవాబు మారుతుంది. రసాయన, గని, లోహ విభాగాల విద్యార్థులు కలిసి పట్టుకోదగిన సమస్య ఇది.

ముందున్న రోజులు

బొగ్గుపొడివల్ల గాలి శుభ్రమవుతుందని ఎవరైనా అంటే సగమే నమ్మండి. కోక్ ఓవెన్ల కాలుష్యం తగ్గేమాట నిజం. కాని కార్బన్ స్థానంలో కార్బనే వచ్చింది. ఈ దారిలో టన్ను ఉక్కుకు సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడు వెలువడుతూనే వుంది. అందుకని ఇప్పుడు అదే ట్వీయర్లలోంచి హైడ్రోజన్ ఊది చూస్తున్నారు. 2019 నవంబరులో జర్మనీలోని డూయిస్‌బర్గ్‌లో ఒక ట్వీయరుతో మొదలుపెట్టారు. 2023 ఏప్రిల్‌లో మన జంషెడ్‌పూర్‌లోని 'ఈ' కొలిమిలో టాటా స్టీలువారు పరీక్ష చేశారు. హైడ్రోజన్ చేసే క్షయకరణం కూడా వేడిని మింగుతుంది. హైడ్రోజనూ బరువు మొయ్యదు. బొగ్గుపొడి నేర్పిన రెండు పాఠాలే అక్కడా ఎదురవుతాయి. కోక్ అసలే వద్దనుకుంటే బ్లాస్టు ఫర్నేసునే వదులుకుని, ఖనిజాన్ని కరిగించకుండా క్షయకరించే వేరే దారి పట్టవలసిందే.

మీరు కర్మాగారం చూడటానికి వెళ్ళినప్పుడు ట్వీయర్ల అంతస్తుకు తీసుకువెళ్ళమని అడగండి. నీలిరంగు అద్దం ఇస్తారు. దాన్ని కంటికి ఆనించి ట్వీయరు వెనకనున్న చిన్న కిటికీలోంచి చూడండి. తెల్లని వెలుగులో ఒక నల్లని ధార దూసుకుపోతూ కనిపిస్తుంది. అదే బొగ్గుపొడి. ఏదైనా ట్వీయరులో ఆ నల్లధార లేకుండా అంతా తెల్లగా కనిపిస్తే లాన్సు పూడిపోయిందన్నమాట. వెంటనే పక్కనున్న పనివాడికి చెప్పండి. మీకంటే ముందే ఆయన చూసివుంటాడు, అయినా చెప్పండి.